సుబారు లెగసీ జీటీ-బి వాగన్: ఆటోమేటిక్, మాన్యువల్ రకాల ఎంపిక

సుబారు లెగసీ జీటీ-బి టూరింగ్ వాగన్ అనేది జపాను దేశానికి చెందిన ఫుజీ హెవీ ఇండస్ట్రీస్ (2017 నుండి సుబారు కార్పొరేషన్) 1996 - 2003 మధ్య తయారుచేసిన వేగవంతమైన కుటుంబ కారు. వెనుక భాగంలో సామానుకు విశాలమైన చోటు ఉండే ఇటువంటి కార్లను వాగన్ అని, బ్రిటన్‌లో ఎస్టేట్ అని వ్యవహరిస్తారు. రెండు లీటర్ల ఇంజను, రెండు టర్బోచార్జర్లు, నాలుగు చక్రాల చోదనం దీని ముఖ్య లక్షణాలు. ప్రధానంగా జపాను విపణి కోసం తయారైన ఈ కారు, అక్కడ కొన్నేళ్ళు వాడిన తరువాత న్యూజీలాండ్, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా మొదలైన దేశాలకు దిగుమతి అయ్యింది.

ఈ కారు ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సుతోను, నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సుతోను లభించింది. సాధారణంగా ఒకే కారులో ఈ రెండు రకాలకూ మధ్య తేడా క్లచ్చి ఉండటం, లేకపోవడం వరకే పరిమితమై ఉంటుంది. జీటీ-బి విషయంలో అట్లా కాదు. గేర్‌బాక్సుతో పాటు ఇంజను శక్తి, నాలుగు చక్రాలకూ శక్తిని పంచే యంత్రాంగం, మరమ్మతు ఖర్చు, కొన్ని దేశాలలో నడపటానికి కావలసిన లైసెన్సు కూడా మారుతాయి. అందువలన వాడిన కారు కొనేవారికి ఈ ఎంపిక ముఖ్యమైనది.

పూర్వరంగం

లెగసీ మొదటి తరం 1989లో విడుదలయ్యింది. అదే సంవత్సరం జనవరిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఈ కారు లక్ష కిలోమీటర్ల దూరాన్ని గంటకు సగటున 223 కిలోమీటర్లకు పైగా వేగంతో పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. 1993లో న్యూజీలాండ్ ర్యాలీలో కాలిన్ మెక్‌రే లెగసీ ఆర్‌ఎస్ కారును నడిపి గెలిచాడు. ప్రపంచ ర్యాలీ పోటీలలో సుబారుకు అదే మొదటి విజయం. ఆ దేశంలో లెగసీకి ఏర్పడిన ఆదరణకు ఈ విజయం కూడా ఒక కారణం.

రెండవ తరం 1993 అక్టోబరులో వచ్చింది. ఇందులోని జీటీ రకానికి రెండు టర్బోలు అమర్చారు. 1996 జూన్‌లో బిల్‌స్టీన్ సంస్థ షాక్ అబ్జార్బర్లతో జీటీ-బి వచ్చింది. పేరులోని "బి" అక్షరం బిల్‌స్టీన్‌ను సూచిస్తుంది. మూడవ తరం 1998 జూన్‌లో మొదలై 2003 వరకు కొనసాగింది. రెండు లీటర్ల టర్బో వాగన్లను చాసిస్ సంఖ్యలోని మొదటి అక్షరాలను బట్టి రెండవ తరంలో బీజీ5 అని, మూడవ తరంలో బీహెచ్5 అని గుర్తిస్తారు.

1989 నుండి 2004 వరకు జపాను కార్ల తయారీదారులు తమ దేశంలో అమ్మే కార్ల శక్తిని 280 మెట్రిక్ అశ్వశక్తికి మించకుండా స్వచ్ఛందంగా పరిమితం చేసుకున్నారు. జీటీ-బి మాన్యువల్ రకం సరిగ్గా ఈ హద్దును తాకింది. కేవలం రెండు లీటర్ల ఇంజను గల కుటుంబ వాహనానికి ఆ రోజులలో ఇది అసాధారణమైన శక్తి.

ఇంజను, రెండు టర్బోల పని

ఈ కారులోని ఈజే20 ఇంజను పరిమాణం 1,994 ఘన సెంటీమీటర్లు. నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున ఎదురెదురుగా, నేలకు సమాంతరంగా అమరి ఉంటాయి. దీనిని బాక్సర్ ఇంజను అంటారు. ఇంజను ఎత్తు తక్కువగా ఉండటం వలన కారు గురుత్వ కేంద్రం నేలకు దగ్గరగా ఉంటుంది.

టర్బోచార్జర్ అనేది ఇంజను నుండి వెలువడే పొగ వేగంతో తిరిగే ఒక పంపు. అది అదనపు గాలిని సిలిండర్లలోనికి నెడుతుంది. జీటీ-బిలో రెండు టర్బోలు ఒకదాని తరువాత ఒకటి పనిచేస్తాయి. ఇంజను వేగం తక్కువగా ఉన్నప్పుడు పొగ మొత్తం మొదటి టర్బోకే వెళుతుంది. నిమిషానికి సుమారు 4,000 చుట్లు దాటే వేళకు కొంత పొగ రెండవ టర్బోను తిప్పడం ఆరంభిస్తుంది. సుమారు 4,500 చుట్ల తరువాత రెండూ కలిసి పనిచేస్తాయి.

ఈ మార్పు జరిగే సమయంలో గాలి ఒత్తిడి కొద్దిసేపు తగ్గుతుంది. కారు ఒక్క క్షణం మందగించి, మళ్ళీ ఒక్కసారిగా ముందుకు దూకినట్లు అనిపిస్తుంది. ఆంగ్లం మాట్లాడే దేశాల యజమానులు దీనికి "మృత్యులోయ" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పేరు భయంకరమైనదే గాని ఇది లోపం కాదు, ఆ యంత్రాంగం పనిచేసే తీరు. అయితే ఈ మార్పును నియంత్రించే వాల్వులు, సోలినాయిడ్లు, సన్నని రబ్బరు గొట్టాలు చాలా ఉన్నాయి. పాతబడిన గొట్టం ఒకటి పగిలినా రెండవ టర్బో సరిగా పనిచేయదు.

గేర్‌బాక్సు ఎంపికకు ఈ విషయంతో దగ్గర సంబంధం ఉన్నది. ఆటోమేటిక్‌లో మొదటి గేరు నిష్పత్తి 2.785, రెండవది 1.545. మొదటి గేరులో ఇంజను 6,000 చుట్లు తిరుగుతున్నప్పుడు రెండవ గేరు పడితే, 6,000ను 1.545తో గుణించి 2.785తో భాగించగా సుమారు 3,330 చుట్లు వస్తుంది. అనగా ఇంజను మళ్ళీ ఒకే టర్బో పనిచేసే పరిధిలోనికి దిగి, లోయను మరొకసారి దాటవలసి వస్తుంది. ఆటోమేటిక్‌లోని టార్క్ కన్వర్టర్ కొంత జారుతుంది కాబట్టి ఈ కుదుపు మెత్తబడుతుంది. మాన్యువల్‌లో ఐదు గేర్లు ఉండటం వలన, ముఖ్యంగా పై గేర్లలో, ఇంజను వేగాన్ని లోయకు ఎగువన నిలిపి ఉంచటం చోదకుని చేతిలో ఉంటుంది.

మాన్యువల్ రకం

మూడవ తరం మాన్యువల్ జీటీ-బి 280 అశ్వశక్తిని, 343 న్యూటన్-మీటర్ల టార్క్‌ను ఇస్తుంది. ముందు, వెనుక ఇరుసుల నడుమ విస్కస్ కప్లింగ్‌తో కూడిన మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది. ఇది మామూలు పరిస్థితిలో శక్తిని రెండు ఇరుసులకూ చెరి సగం పంచుతుంది. ఒక ఇరుసు చక్రాలు జారితే విస్కస్ కప్లింగ్‌లోని చిక్కటి సిలికోన్ ద్రవం వేడెక్కి, రెండు ఇరుసుల వేగాలలో తేడాను అడ్డుకుంటుంది. ఇందులో ఎలక్ట్రానిక్ నియంత్రణ లేదు. అందువలన ఇది సరళమైనది.

దీని బలహీనత గేర్‌బాక్సులో ఉన్నది. నాలుగు చక్రాలూ రోడ్డును పట్టుకొని ఉండగా, ఇంజనును బాగా తిప్పి ఒక్కసారిగా క్లచ్చిని వదిలితే ఆ దెబ్బ చక్రాలు జారడం ద్వారా తగ్గదు, నేరుగా గేరు పళ్ళపై పడుతుంది. పళ్ళు విరగటానికి, క్లచ్చి త్వరగా అరగటానికి ఇదే ముఖ్య కారణం. క్లచ్చి మార్చటానికి గేర్‌బాక్సును గాని ఇంజనును గాని కిందికి దింపవలసి ఉంటుంది కాబట్టి, విడిభాగం ధర కంటే పనివారి కూలి ఎక్కువ కావచ్చు. జాగ్రత్తగా నడిపినవారి చేతిలో ఇదే గేర్‌బాక్సు చాలాకాలం మన్నుతుంది.

ఆటోమేటిక్ రకం

ఆటోమేటిక్ జీటీ-బి 260 అశ్వశక్తిని, మూడవ తరంలో 319 న్యూటన్-మీటర్ల టార్క్‌ను ఇస్తుంది. మాన్యువల్ కంటే శక్తి తక్కువగా ఉండటానికి ఇంజను అమరికలలోని తేడాలే కారణం. అనగా ఆటోమేటిక్ కారుకు తరువాత మాన్యువల్ గేర్‌బాక్సు బిగించినంత మాత్రాన అది 280 అశ్వశక్తి కారు కాజాలదు.

నాలుగు చక్రాల చోదనంలో మాత్రం ఆటోమేటిక్ రకమే సాంకేతికంగా క్లిష్టమైనది. దీనిలో వేరియబుల్ టార్క్ డిస్ట్రిబ్యూషన్, క్లుప్తంగా వీటీడీ అనే పద్ధతి ఉన్నది. గ్రహచక్రాల వంటి గేర్ల అమరిక మామూలుగా వెనుక చక్రాలకు కొంచెం ఎక్కువ శక్తిని పంపుతుంది. చక్రాలు జారినప్పుడు కంప్యూటరు ఆజ్ఞ మేరకు పలు పలకల క్లచ్చి బిగిసి ఇరుసుల మధ్య పంపకాన్ని సరిచేస్తుంది. వంపులలో వెనుక చక్రాలు తోస్తున్న అనుభూతిని ఇష్టపడే చోదకులు కొందరు ఈ కారణం చేతనే ఆటోమేటిక్‌ను మెచ్చుకుంటారు. "ఆటోమేటిక్ అంటే మందకొడి కారు" అనే అభిప్రాయం జీటీ-బి విషయంలో సగం మాత్రమే నిజం.

టర్బో లేని సాధారణ లెగసీ ఆటోమేటిక్‌లలో ఉండే నాలుగు చక్రాల చోదనం వేరు. గేర్‌బాక్సు మార్పిడి చేసేటప్పుడు ఈ తేడాను గమనించకపోతే తప్పుడు భాగం కొనే ప్రమాదం ఉన్నది.

ఆటోమేటిక్‌కు శత్రువు వేడి. పర్వత రోడ్లపైన, బరువు లాగేటప్పుడు, నగర రద్దీలో గేర్‌బాక్సు నూనె వేడెక్కి గుణం కోల్పోతుంది. నూనెను సకాలంలో మార్చిన కారుకు, ఎన్నడూ మార్చని కారుకు ఆయుష్షులో ఎంతో తేడా ఉంటుంది.

సంగ్రహంగా పోలిక

- శక్తి: మాన్యువల్ 280, ఆటోమేటిక్ 260 అశ్వశక్తి.
- గేర్లు: మాన్యువల్‌లో 5, ఆటోమేటిక్‌లో 4.
- మధ్య డిఫరెన్షియల్: మాన్యువల్‌లో విస్కస్ కప్లింగ్, ఆటోమేటిక్‌లో కంప్యూటరు నియంత్రించే వీటీడీ.
- ఇంధనం: రెండింటికీ అధిక ఆక్టేన్ పెట్రోలు అవసరం. నిలిచి కదిలే రద్దీలో టార్క్ కన్వర్టర్ జారుడు వలన ఆటోమేటిక్ కొంత ఎక్కువ తాగుతుంది.
- అరుగుదల: మాన్యువల్‌లో క్లచ్చి, గేరు పళ్ళు, ఆటోమేటిక్‌లో నూనె, లోపలి క్లచ్చి పలకలు.
- ధర: ఔత్సాహికుల గిరాకీ వలన సాధారణంగా మాన్యువల్ ఖరీదైనది.

ఈ చివరి అంశానికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. వేగంపై మోజు గలవారు మాన్యువల్‌నే వెదికి కొంటారు కాబట్టి, పోటీలకు వాడిన లేదా టర్బో ఒత్తిడి పెంచిన కార్లు మాన్యువల్ రకంలోనే ఎక్కువగా ఎదురయ్యే అవకాశం ఉన్నది. అదే ధరకు, కుటుంబ అవసరాలకు వాడిన మంచి ఆటోమేటిక్ దొరకవచ్చు. గేర్‌బాక్సు రకం కంటే కారు గతచరిత్ర ముఖ్యమన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం.

కొనే ముందు పరీక్ష

జపాను వేలం పత్రంలో కారు స్థితిని అంకెల శ్రేణితో, ప్రమాదానంతరం మరమ్మతు అయిన కారును ఆర్ అక్షరంతో సూచిస్తారు. గేర్‌బాక్సు గడిలో ఎఫ్5 అని ఉంటే నేలపై గేరు రాడ్డు గల ఐదు గేర్ల మాన్యువల్ అని, ఎఫ్‌ఏ లేదా ఏటీ అని ఉంటే ఆటోమేటిక్ అని అర్థం. అసలు పత్రంలో ఆటోమేటిక్ అని ఉండి, అమ్మకానికి వచ్చిన కారు మాన్యువల్ అయితే అది తరువాత మార్చినదని తెలుసుకోవచ్చు. మీటరులో చూపే కిలోమీటర్లను కూడా ఈ పత్రంతో సరిచూడాలి.

రెండు రకాలకూ వర్తించే పరీక్షలు ఇవి. టైమింగ్ బెల్టును లక్ష కిలోమీటర్లకు మార్చాలి, మార్చినట్లు ఆధారం ఉండాలి. ఇంజను వేడెక్కిన తరువాత రోడ్డుపై నడిపి రెండవ టర్బో అందుకుంటున్నదీ లేనిదీ గమనించాలి. ఖాళీ స్థలంలో స్టీరింగును పూర్తిగా ఒక వైపుకు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపాలి. కారు బిగబట్టినట్లుగా కుదుపులతో కదిలితే మధ్య డిఫరెన్షియల్ యంత్రాంగం చెడి ఉండవచ్చు. నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే పరిమాణం, దాదాపు ఒకే అరుగుదల కలిగి ఉండాలి. చుట్టుకొలతలు వేరైతే మధ్య డిఫరెన్షియల్ నిరంతరం శ్రమపడి పాడవుతుంది. అనగా టైర్లలో చేసిన చిన్న పొదుపు గేర్‌బాక్సుకు ఎసరు పెట్టగలదు.

మాన్యువల్‌లో ప్రత్యేకించి చూడవలసినవి: గేరు పడేటప్పుడు గరగరమనే శబ్దం, త్వరణంలో గేరు దానంతట అదే జారిపోవడం, పై గేరులో యాక్సిలరేటరు నొక్కితే కారు వేగం పెరగకుండా ఇంజను చుట్లు మాత్రమే పెరగటం. చివరిది క్లచ్చి అరిగిందనటానికి గుర్తు.

ఆటోమేటిక్‌లో ప్రత్యేకించి చూడవలసినవి: న్యూట్రల్ నుండి డ్రైవ్‌కు మార్చినప్పుడు గేరు పడటంలో ఆలస్యం, గేరు మారేటప్పుడు గట్టి కుదుపు, నూనె నల్లబడి మాడిన వాసన రావడం, గేర్‌బాక్సు హెచ్చరిక దీపం మిణుకుమనడం. చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసిన గేర్‌బాక్సు వేడెక్కాక మొరాయించవచ్చు కాబట్టి అరగంటకు తక్కువ కాకుండా నడిపి చూడాలి.

గేర్‌బాక్సు మార్పిడి

చవకగా ఆటోమేటిక్ కొని మాన్యువల్‌గా మార్చుకోవచ్చునని కొందరు భావిస్తారు. అందుకు గేర్‌బాక్సు ఒక్కటే చాలదు. క్లచ్చి, ఫ్లైవీల్, పెడల్ పెట్టె, గేరు రాడ్డు, ప్రొపెల్లర్ షాఫ్టు, తగిన ఇంజను కంప్యూటరు కూడా కావాలి. అన్నింటికంటే ముఖ్యంగా, గేర్‌బాక్సులోని ముందు ఇరుసు తుది నిష్పత్తి, వెనుక డిఫరెన్షియల్ నిష్పత్తి సమానంగా ఉండి తీరాలి. అవి వేరైతే తిన్నని రోడ్డుపై కూడా రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పెనుగులాడి మధ్య డిఫరెన్షియల్ చెడిపోతుంది. ఈ ఖర్చులన్నీ కలిపితే మొదటే మాన్యువల్ కారు కొనడం మేలని తేలే సందర్భాలే ఎక్కువ. మార్పిడి చేసిన విషయం బీమా సంస్థకు తెలియపరచకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం నిరాకరించే అవకాశం కూడా ఉన్నది.

లైసెన్సు, దిగుమతి నిబంధనలు

జపానులో 1991 నుండి ఆటోమేటిక్ కార్లకు మాత్రమే పరిమితమైన లైసెన్సు అమలులోనికి వచ్చింది. బ్రిటన్‌లో కూడా ఆటోమేటిక్ కారులో పరీక్ష ఉత్తీర్ణులైనవారు మాన్యువల్ నడపరాదు. మాన్యువల్‌లో ఉత్తీర్ణులైనవారు రెండూ నడపవచ్చు. ఆస్ట్రేలియాలోని కొన్ని రాష్ట్రాలలో కొత్తగా లైసెన్సు పొందినవారు అధిక శక్తి గల కార్లను నడపటంపై ఆంక్షలు ఉన్నాయి. కొనే ముందే ఆ రాష్ట్రపు జాబితాను చూడాలి.

జీటీ-బి కుడి చేతి స్టీరింగుతోనే తయారయ్యింది. అమెరికాలో 25 ఏళ్ళు నిండిన విదేశీ కార్లకు భద్రతా ప్రమాణాల నుండి మినహాయింపు ఉండటం వలన 1996 నాటి జీటీ-బి 2021 నుండి అక్కడకు కూడా అర్హత పొందింది. కెనడాలో ఈ గడువు 15 ఏళ్ళు.

తెలుగువారికి సంబంధించి

వాడిన కార్ల దిగుమతికి భారతదేశం విధించిన షరతులలో, కారు తయారై మూడేళ్ళకు మించరాదన్నది ఒకటి. సుంకం కూడా భారీగా ఉంటుంది. కావున తెలుగు రాష్ట్రాలలో ఈ కారును కొనే ప్రశ్న దాదాపుగా తలెత్తదు. అయితే చదువు, ఉద్యోగాల కోసం బ్రిటన్, న్యూజీలాండ్ వెళ్ళిన తెలుగువారికి ఈ విషయం ఉపయోగపడుతుంది. భారతీయ లైసెన్సుతో ఈ రెండు దేశాలలో పరిమిత కాలం మాత్రమే నడపవచ్చు, బ్రిటన్‌లో ఆ గడువు 12 నెలలు. ఆ తరువాత స్థానిక లైసెన్సు అవసరం. స్వదేశంలో మాన్యువల్ నడిపిన అనుభవం ఎంత ఉన్నా, బ్రిటన్‌లో సులువని ఆటోమేటిక్‌లో పరీక్ష రాసినవారికి మాన్యువల్ జీటీ-బి నడిపే హక్కు ఉండదు. మళ్ళీ మాన్యువల్‌లో పరీక్షకు హాజరు కావలసిందే.

ఎవరికి ఏది తగును

నగరంలో రోజువారీ ప్రయాణం, పిల్లలు, సామాను, ఒకే కారును ఇంటిల్లిపాదీ నడపటం వంటి అవసరాలు ఉన్నవారికి ఆటోమేటిక్ అనుకూలం. తడి, మంచు రోడ్లపై దాని వీటీడీ పద్ధతి కూడా నమ్మదగినది. వంపుల రోడ్లపై కారును తమ చేతులతో నియంత్రించాలనుకునేవారికి, పూర్తి శక్తి కావలసినవారికి, తరువాత మంచి ధరకు అమ్మాలనుకునేవారికి మాన్యువల్ తగినది. అయితే వారు క్లచ్చి, గేర్‌బాక్సుల కోసం కొంత సొమ్ము విడిగా ఉంచుకోవాలి.

2003 మే నెలలో వచ్చిన నాలుగవ తరం లెగసీలో రెండు టర్బోల స్థానంలో ఒకే ట్విన్‌స్క్రోల్ టర్బో అమర్చారు. దానితో మృత్యులోయ మాయమయ్యింది. ఆటోమేటిక్‌కు ఐదవ గేరు చేరింది. శక్తిలో 280, 260 అనే తేడా కొనసాగినా, టార్క్ రెండింటిలోనూ 343 న్యూటన్-మీటర్లకు సమానమయ్యింది. ఆ తరం 2003-2004 సంవత్సరానికి జపాను కార్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం పొందింది. రెండు రకాల మధ్య ఎటూ తేల్చుకోలేనివారు ఈ తరాన్ని కూడా పరిశీలించవచ్చు. ఏ తరమైనా, ఏ గేర్‌బాక్సు అయినా, ఇన్నేళ్ళు గడచిన కారులో నిర్ణయాత్మకమైనది దాని సర్వీసు చరిత్రే. మంచి చరిత్ర గల ఆటోమేటిక్, చరిత్ర తెలియని మాన్యువల్ కంటే ఎల్లప్పుడూ మేలైన కొనుగోలు.

ఇవి కూడా చూడండి

- టర్బోచార్జర్
- డిఫరెన్షియల్
- నాలుగు చక్రాల చోదనం
- ప్రపంచ ర్యాలీ పోటీలు